ఎండాకాలానికి వీగన్ పొటాటో సలాడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పొటాటో సలాడ్ పేరుకి చాలా సులువైన వంటకం. దుంపలు ఉడికించి, ఏదో ఒకటి కలిపి, చల్లారాక తినడమే. అయినా దీని మీద వచ్చినన్ని సందేహాలు పెద్ద పెద్ద వంటల మీద కూడా రావు. గుడ్డు, పాలు, పెరుగు లేకుండా చేయాలంటే ఇంకో నాలుగు ఎక్కువ. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీ పని ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లి చదువుకోండి. వేరే చెప్పని చోట కొలతలు 1 కిలో దుంపలకు చెప్పినవి, చెంచా అంటే టీ స్పూన్.

## దుంపలు ఎంచుకునేటప్పుడు

ఏ రకం దుంపలు తీసుకోవాలి? కొనే చోట రకం పేరేమీ రాసి ఉండదు.

పేరుతో పని లేదు. సలాడ్‌కి కావాల్సింది పిండి తక్కువగా, తేమ ఎక్కువగా ఉండి, ఉడికాక కూడా ముక్క విడిపోకుండా నిలిచే దుంప. తొక్క పల్చగా, నున్నగా ఉండి, గోటితో గీరితే సులువుగా ఊడివస్తే అది పనికొచ్చేదే. అప్పుడే తవ్వి తెచ్చిన చిన్న చిన్న కొత్త దుంపలు దాదాపు ఎప్పుడూ ఈ కోవలోకే వస్తాయి. అనుమానంగా ఉంటే ఒకదాన్ని అడ్డంగా కోసి చూడండి. కత్తికి తెల్లటి పిండి పూతలా అంటుకుంటే అది పిండి రకం. కోసిన చోట తడిగా మెరుస్తూ, కత్తి శుభ్రంగా బయటికొస్తే అది గట్టి రకం.

ఇంకో పరీక్ష కూడా ఉంది. 11 కప్పుల నీళ్లలో 1 కప్పు ఉప్పు కరిగించి దుంపను వదలండి. పిండి రకం బరువెక్కువ కాబట్టి మునుగుతుంది, గట్టి రకం తేలుతుంది. రోజూ చేసే పని కాదు కానీ, బస్తా దుంపలు ముందు పెట్టుకుని నలభై మందికి వండాల్సి వస్తే ఉపయోగపడుతుంది.

ఇంట్లో ఉన్నవన్నీ పిండి రకం దుంపలే. వాటితో చేయకూడదా?

నిక్షేపంగా చేయొచ్చు, కాకపోతే పద్ధతి కొంచెం మార్చాలి. తొక్కతో పూర్తిగా ఉడికించి, కాస్త ఆరాక పెద్ద ముక్కలుగా కోయండి. అంచులు ఎలాగూ కొంచెం అరుగుతాయి. ఆ అరిగిన పిండి మయోనైజ్ లాంటి, దుంపలకి పట్టించే చిక్కటి డ్రెస్సింగ్‌లో కలిసిపోయి దాన్ని ఇంకా చిక్కగా చేస్తుంది. నిజం చెప్పాలంటే ఆ మెత్తదనమే ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు. వెనిగర్, నూనెతో చేసే పల్చటి రకానికి మాత్రం ఇవి వాడకండి. పోసినదంతా పీల్చేసుకుని, ముక్కలు ముక్కలుగా ఉండాల్సింది కాస్తా ముద్దయి కూర్చుంటుంది.

కొంచెం ఆకుపచ్చగా ఉన్న దుంప, మొలకలొచ్చిన దుంప వాడొచ్చా?

వెలుతురు తగిలితే దుంప పచ్చబడుతుంది. ఆ పచ్చరంగు పత్రహరితమే, దాంతో భయం లేదు. కానీ అదే వెలుతురుకి సొలనిన్ లాంటి చేదు విష పదార్థాలు కూడా తొక్కలోను, తొక్క కిందా, మొలకల దగ్గరా పెరుగుతాయి. ఉడికించినా, వేయించినా అవి పోవు. చిన్న మచ్చ అయితే చుట్టూ మందంగా కోసి పారేసి, మిగతాది వాడుకోవచ్చు. మొలక చిన్నగా ఉండి దుంప గట్టిగా ఉంటే కన్నుతో సహా లోతుగా తీసేస్తే సరిపోతుంది. సగం పచ్చబడినా, ముడతలు పడి మెత్తబడినా, ఉడికాక నాలుకకి చేదు తగిలినా మొహమాటం లేకుండా పారేయండి. తొక్కతో చేసే సలాడ్‌కి అయితే ఏ మాత్రం పచ్చదనం ఉన్నా వద్దు.

దుంపలు ఫ్రిజ్‌లో పెట్టేశాను. పాడైనట్టేనా?

పాడవలేదు. చల్లదనానికి లోపలి పిండిలో కొంత చక్కెరగా మారి, తిన్నప్పుడు కాస్త తియ్యగా అనిపిస్తుంది. ఉడికించి చేసే సలాడ్‌కి దాంతో కొంప మునగదు. ఇకముందు మాత్రం గాలి ఆడే చీకటి చోట, ఎండ తగలకుండా పెట్టండి.

మనిషికి ఎంత లెక్క వేసుకోవాలి?

పక్క వంటకం అయితే మనిషికి 150 నుంచి 200 గ్రాముల పచ్చి దుంపలు. అంటే కిలోకి 5, 6 మంది తింటారు. అదే ప్రధాన భోజనం అయితే 300 గ్రాముల దాకా వేసుకోండి.

## ఉడికించేటప్పుడు

చన్నీళ్లలో వేయాలా, మరుగుతున్న నీళ్లలో వేయాలా?

చన్నీళ్లలోనే. మరిగే నీళ్లలో వేస్తే బయటి పొర ముందే ఉడికి విచ్చుకుంటుంది, నడిమధ్య ఇంకా పచ్చిగానే ఉంటుంది. చన్నీళ్లతో మొదలుపెడితే దుంప మొత్తం నెమ్మదిగా, ఒకే తీరున వేడెక్కుతుంది. నీళ్లు దుంపల పైన రెండు వేళ్ల ఎత్తు ఉంటే చాలు.

నీళ్లలో ఉప్పు నిజంగా అవసరమా? తర్వాత డ్రెస్సింగ్‌లో వేస్తాం కదా.

అవసరమే. తర్వాత వేసిన ఉప్పు ముక్క పైనే ఉంటుంది, లోపలికి చాలా తక్కువగా వెళ్తుంది. లీటరు నీళ్లకి 10 నుంచి 15 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పు సుమారు 2 చెంచాలు వేయండి. ఆ నీళ్లు రుచి చూస్తే బాగా ఉప్పగా అనిపించాలి. అందులో ఎక్కువ భాగం వార్చిన నీళ్లతోనే పోతుంది, కంగారుపడకండి.

ముందే ముక్కలు కోసి ఉడికించాలా, తొక్కతో పూర్తిగా ఉడికించాలా?

రెండూ సరైనవే, దేని లాభం దానిది. ముక్కలు కోస్తే పని త్వరగా అవుతుంది. అంగుళం ముక్కలైతే నీళ్లు మరగడం మొదలయ్యాక 10 నుంచి 12 నిమిషాలు చాలు, ఉప్పు కూడా లోపలికి బాగా పడుతుంది. కాకపోతే కోసిన ప్రతి వైపు నుంచీ నీళ్లు పీల్చుకుంటాయి, దుంప రుచి కొంత నీళ్లలోకి పోతుంది.

తొక్కతో పూర్తిగా ఉడికిస్తే రుచి లోపలే ఉంటుంది, ముక్క అంచులు కోసినట్టే నిలుస్తాయి. చిన్న దుంపలకి 15 నుంచి 20 నిమిషాలు, మధ్యరకం వాటికి 25 నిమిషాల పైనే పడుతుంది. ఇంకా వేడిగా ఉండగానే గుడ్డతో పట్టుకుని ఒలిస్తే తొక్క పొరలాగా జారిపోతుంది. చల్లారాక ఒలుద్దామంటే తొక్కతో పాటు కండా ఊడి వస్తుంది. టైం ఉన్న రోజు నేను తొక్కతోనే ఉడికిస్తాను. ఎలా చేసినా ఒకటి మాత్రం తప్పదు: దుంపలైనా, ముక్కలైనా ఒకే సైజువి ఉండాలి. లేకపోతే చిన్నవి కరిగిపోయేదాకా పెద్దవి ఉడకవు.

ప్రెషర్ కుక్కర్‌లో పెట్టొచ్చా? ఎన్ని విజిల్స్?

పెట్టొచ్చు కానీ ముక్కలు కోసి పెట్టకండి, తొక్కతో పూర్తి దుంపలే పెట్టండి. అడుగున కొంచెం నీళ్లు పోసి, దుంపలు నీళ్లకి తగలకుండా చిల్లుల పళ్లెంలో ఉంచితే ఆవిరికే ఉడుకుతాయి. విజిల్స్ లెక్క ఒక్కో కుక్కర్‌కి ఒక్కోలా ఉంటుంది. మొదటిసారి ఒక విజిల్‌కే ఆపి, ఆవిరి దానంతట అది పోయాక చూడండి. సరిపోకపోతే మామూలుగా మూతపెట్టి ఇంకొంచెం ఉడికించుకోవచ్చు, ఎక్కువ ఉడికినదాన్ని మాత్రం వెనక్కి తేలేం. కూరకీ వేపుడుకీ కుక్కర్ హాయి. సలాడ్‌కి మాత్రం మూత తీసి పొడిచి చూసుకునే వీలున్న మామూలు గిన్నెకే నా ఓటు.

ఎంత జాగ్రత్తగా ఉడికించినా ముద్దయిపోతున్నాయి. ఎందుకు?

మూడు కారణాల్లో ఏదో ఒకటి. దుంప పిండి రకం కావొచ్చు. మంట ఎక్కువై నీళ్లు తెర్లుతూ ముక్కల్ని ఒకదానికొకటి కొట్టి ఉండొచ్చు. లేదా నాలుగు నిమిషాలు ఎక్కువ ఉడికి ఉండొచ్చు. నీళ్లు మరగగానే మంట తగ్గించి, చిన్న బుడగలు మాత్రమే వచ్చేలా ఉంచండి.

దీనికి చవకైన మందు ఒకటుంది: లీటరు నీళ్లకి 1 టేబుల్ స్పూన్ వెనిగర్. దుంప కణాల గోడల్ని పట్టి ఉంచేది పెక్టిన్. పులుపున్న నీళ్లలో అది త్వరగా కరగదు, అందుకే ముక్క ఆకారం చెదరదు. ఆ పులుపు సలాడ్‌కి ఎలాగూ పనికొచ్చేదే. మరీ ఎక్కువ పోస్తే ఎంతసేపు ఉడికించినా నడిమధ్య గట్టిగానే ఉండిపోతుంది, అది గుర్తుంచుకోండి.

ఉడికిందని ఎలా తెలుస్తుంది?

సన్నటి కత్తి మొనతో గుచ్చి పైకి ఎత్తండి. కత్తి అడ్డం లేకుండా మధ్యదాకా దిగి, ఎత్తగానే ముక్క తనంతట తాను జారి పడితే అయినట్టే. కత్తిని పట్టుకుని వేలాడితే ఇంకో రెండు నిమిషాలు. గుచ్చగానే రెండుగా చీలితే కాస్త ఆలస్యమైంది, వెంటనే వార్చేయండి. ఒక ముక్క తిని చూడటం అన్నిటికన్నా నమ్మకం. నమిలితే ఎక్కడా కరకర అనకూడదు. పలుకుగా ఉంచితే చల్లారాక ఇంకా గట్టిపడుతుంది.

వార్చాక త్వరగా చల్లారడానికి చన్నీళ్లు పోయొచ్చా?

వద్దు. ముక్క నీళ్లతో నిండిపోతుంది, ఇక డ్రెస్సింగ్ పట్టడానికి చోటుండదు. చిల్లుల గిన్నెలో వార్చి, అదే వేడి గిన్నెలోకి తిరిగి వేసి ఒక నిమిషం అలా వదిలేయండి. పైనున్న తడి ఆవిరై పోయి ముక్కలు తెల్లగా, పొడిపొడిగా కనిపిస్తాయి. తర్వాత వెడల్పాటి పళ్లెంలో ఒకే వరసగా పరిస్తే పావుగంటలో గోరువెచ్చగా అవుతాయి.

## డ్రెస్సింగ్ చేసేటప్పుడు

గుడ్డు లేకుండా మయోనైజ్ చిక్కబడుతుందా?

చక్కగా చిక్కబడుతుంది. మయోనైజ్ అంటే నూనె సన్నటి బిందువులుగా విడిపోయి నీటిలో నిలబడటమే. ఆ బిందువులు మళ్లీ కలిసిపోకుండా పట్టి ఉంచేది ఒకటి కావాలి. గుడ్డులో ఆ పని పచ్చసొన చేస్తుంది, ఇక్కడ సోయా పాలలోని ప్రోటీన్, లెసిథిన్ చేస్తాయి. అందుకే బాదం పాలతోనో బియ్యం పాలతోనో ప్రయత్నిస్తే చాలాసార్లు పల్చగానే ఉండిపోతుంది.

పొడవాటి గ్లాసులో తీపి లేని సోయా పాలు 100 మిల్లీలీటర్లు, మస్టర్డ్ పేస్ట్ (సీసాల్లో దొరికే ఆవాల ముద్ద) 1 చెంచా, ఉప్పు అర చెంచా వేయండి. వాసన లేని నూనె 200 మిల్లీలీటర్లు పైన పోయండి. పాలు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా గది వేడికి వచ్చాక వాడండి. హ్యాండ్ బ్లెండర్‌ని అడుగుకి ఆనించి, కదపకుండా ఆన్ చేయండి. అడుగు నుంచి తెల్లటి మేఘం పైకి లేస్తుంది. అప్పుడు నెమ్మదిగా పైకి లాగండి. చివరగా 1 టేబుల్ స్పూన్ వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేసి తిప్పితే చూస్తుండగానే ఇంకా బిగుస్తుంది. హ్యాండ్ బ్లెండర్ లేకపోతే మిక్సీ చిన్న జార్‌లో నూనెని సన్నటి ధారగా పోస్తూ చేయొచ్చు. కిలో దుంపలకి ఇందులో ముప్పావు వంతు సరిపోతుంది.

శనగల నీళ్లతో మయోనైజ్ చేస్తారట, నిజమేనా? సోయా మాకు పడదు.

నిజమే. కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లని ఆక్వాఫాబా అంటారు. గుడ్డు తెల్లసొన లాగా ఇది నురగ కడుతుందని 2014లో ఫ్రాన్స్‌కి చెందిన జోయెల్ రోసెల్ చూపించాడు, మరుసటి ఏడు ఆ పేరు వాడుకలోకి వచ్చింది. డబ్బా శనగల నీళ్లైతే అలాగే వాడొచ్చు. ఇంట్లో ఉడికించినవి పల్చగా ఉంటే, వేళ్ల మధ్య కాస్త జిగురుగా తగిలేదాకా మరిగించి చల్లార్చండి. 3 టేబుల్ స్పూన్ల ఆక్వాఫాబాకి 1 చెంచా మస్టర్డ్, 1 టేబుల్ స్పూన్ వెనిగర్, ఉప్పు వేసి, ముప్పావు కప్పు నూనెని సన్నటి ధారగా పోస్తూ బ్లెండర్‌తో తిప్పాలి. ఇక్కడ తొందరపడితే విరుగుతుంది. సోయాతో చేసినదానికన్నా కొంచెం జారుగా వస్తుంది, కానీ ఫ్రిజ్‌లో గంట ఉంచితే బిగుస్తుంది.

మయోనైజ్ విరిగి నూనె విడిపోయింది. పారేయాలా?

అక్కర్లేదు. వేరే గ్లాసులో 2 టేబుల్ స్పూన్ల సోయా పాలు, అర చెంచా మస్టర్డ్ వేసి, బ్లెండర్ తిప్పుతూ విరిగినదాన్ని చెంచా చెంచాగా అందులో కలపండి. మొదటి నాలుగు చెంచాలు నింపాదిగా వేస్తే మిగతాది దానంతటదే కలుస్తుంది.

అంత నూనె మాకు వద్దు. ఇంకేముంది?

జీడిపప్పు గానీ సిల్కెన్ టోఫు (సోయా పాలతో చేసే మెత్తటి పనీర్ లాంటిది) గానీ. 1 కప్పు జీడిపప్పుని వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, వార్చి, అర కప్పు మంచినీళ్లు, 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం, 1 చెంచా మస్టర్డ్, ఉప్పుతో పలుకు తగలకుండా రుబ్బండి. చల్లారాక బాగా గట్టిపడుతుంది కాబట్టి కావాలనుకున్న దానికన్నా పల్చగానే దించండి. టోఫు అయితే 300 గ్రాములు, ఇవే పులుపూ ఉప్పూ. ఇది తేలిగ్గా ఉంటుంది, కాకపోతే చప్పిడి సరుకు. మిరియాలు, మస్టర్డ్ ధారాళంగా పడాలి. జీడిపప్పులో నూనె పోయకపోయినా కొవ్వు బాగానే ఉంటుందని మాత్రం మర్చిపోకండి.

అసలు మయోనైజే లేకుండా చేయలేమా?

చేయొచ్చు. నన్నడిగితే ఎండ మండిపోయే రోజుల్లో తినాల్సింది అదే. దక్షిణ జర్మనీలో తరాలుగా ఇలాగే చేస్తారు: వేడి వేడి దుంప ముక్కల మీద వేడి రసం, వెనిగర్, మస్టర్డ్ పోసి, చివర్లో నూనె కలుపుతారు. అక్కడ సాధారణంగా మాంసం రసం వాడతారు. మనకి కూరగాయలు ఉడికించిన నీళ్లు చాలు.

కిలో దుంపలకి 200 మిల్లీలీటర్ల వేడి కూరగాయల రసం, 3 నుంచి 4 టేబుల్ స్పూన్ల వెనిగర్, 2 చెంచాల మస్టర్డ్, ఉప్పు, చిటికెడు పంచదార కలపండి. దుంపల్ని పల్చటి చక్రాలుగా కోసి, వేడిగా ఉండగానే ఇది పోసి, కదపకుండా 20 నిమిషాలు వదిలేయండి. మొదట చూస్తే గిన్నె అడుగున చెరువులా నీళ్లు నిలబడి, చేయి జారిందేమో అనిపిస్తుంది. కాసేపటికి దుంపలు అంతా తాగేసి, నున్నగా మెరుస్తూ ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. అప్పుడు 4 టేబుల్ స్పూన్ల నూనె వేసి మెల్లగా కలపండి. నూనె ముందే పోస్తే ముక్కకి పూత పట్టి రసం లోపలికి వెళ్లదు.

సీసా మీద ఎగ్‌లెస్ అని ఉంది. వీగన్ అనుకోవచ్చా?

అనుకోలేం. గుడ్డు లేదని మాత్రమే దాని అర్థం. పాల పొడి, పాల ప్రోటీన్ ఉన్న ఎగ్‌లెస్ మయోనైజ్‌లు చాలానే ఉన్నాయి. కావలసిన పదార్థాల జాబితా మొత్తం చదవండి. వీగన్లు చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి: హనీ మస్టర్డ్‌లో తేనె ఉంటుంది, వూస్టర్‌షైర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేపలు ఉంటాయి.

గుడ్డు మానేశాం కానీ ఆ రుచి మాత్రం గుర్తొస్తుంది. ఏం చేయాలి?

నల్ల ఉప్పు. అందులోని గంధకపు వాసనే ఉడికించిన గుడ్డు వాసన. కిలో దుంపలకి పావు చెంచాతో మొదలుపెట్టి, మామూలు ఉప్పు ఆ మేరకు తగ్గించండి. పూర్తిగా చల్లారాక, చివర్లోనే కలపండి. వేడికి ఆ వాసన తగ్గిపోతుంది. చేయి కొంచెం ఎక్కువైందా, పక్కవాళ్లు గిన్నె దూరం జరుపుతారు.

మంచి ఆలివ్ నూనె వేస్తే మయోనైజ్ చేదొచ్చింది. నూనె పాడైందా?

నూనె మంచిదే. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెని బ్లెండర్‌లో వేగంగా తిప్పితే చేదెక్కడం మామూలే. వాసన లేని నూనెతో మయోనైజ్ చేసుకుని, చివర్లో 1, 2 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె చేత్తో కలపండి.

## కలిపేటప్పుడు

వేడిగా ఉన్నప్పుడు కలపాలా, చల్లారాక కలపాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, సగం సగం. పులుపూ ఉప్పూ వేడిలో, చిక్కటిది చల్లారాక. ఈ వంటకంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే. వార్చిన అయిదు నిమిషాల్లోపు, ఆవిరి ఇంకా లేస్తుండగా, 2 నుంచి 3 టేబుల్ స్పూన్ల వెనిగర్‌లో అర చెంచా ఉప్పు కరిగించి ముక్కల మీద చిలకరించి, గిన్నె ఎగరేసినట్టు రెండుసార్లు కలపండి. వేడి ముక్క దాన్ని లోపలికి లాక్కుంటుంది. చల్లారిన ముక్క పిండి బిగుసుకుపోయి అంతగా పీల్చదు. అందుకే చల్లారాక ఎంత డ్రెస్సింగ్ వేసినా పైన పుల్లగా, కొరికితే చప్పగా ఉంటుంది.

మయోనైజ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వేడి ముక్కల మీద వేస్తే విరిగి నూనె తేలుతుంది. ముక్కని చేత్తో పట్టుకుంటే వెచ్చదనం తెలియకూడదు, అప్పుడు కలపండి.

పచ్చి ఉల్లిపాయ వేస్తే మర్నాటికి సలాడ్ అంతా అదే వాసన. మానేయాలా?

మానేయక్కర్లేదు. సన్నగా తరిగి చన్నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి వేయండి. ఘాటు చాలావరకు నీళ్లలోకి పోతుంది, కరకర మిగులుతుంది. నీళ్లకి బదులు వెనిగర్‌లో నానబెడితే ఎర్ర ఉల్లిపాయ గులాబీ రంగులోకి తిరుగుతుంది, ఆ వెనిగర్ కూడా డ్రెస్సింగ్‌లో వాడుకోవచ్చు. ఇంకా తేలిగ్గా కావాలంటే ఉల్లికాడలు.

కీరా వేస్తే గిన్నె అడుగున నీళ్లు చేరుతున్నాయి.

కీరాలో దాదాపు 95 శాతం నీళ్లే. ఉప్పు తగలగానే బయటికొస్తాయి. గింజలు తీసేసి, ముక్కలకి చిటికెడు ఉప్పు రాసి 15 నిమిషాలు ఉంచి, గుడ్డలో వేసి పిండి కలపండి. టమాటా అయితే వడ్డించే ముందు పైన వేసుకోవడమే మేలు.

దుంపలు కాక ఇంకేం వేస్తే బాగుంటుంది?

మెత్తటి దుంపకి జోడీగా కరకరలాడేది ఒకటి, పుల్లటిది ఒకటి, పచ్చటిది ఒకటి. సెలెరీ గానీ ముల్లంగి గానీ, గెర్కిన్స్ (వెనిగర్‌లో ఊరిన చిన్న దోసకాయలు) గానీ కేపర్స్ (ఊరబెట్టిన పూమొగ్గలు) గానీ, పార్స్‌లీ, డిల్, కొత్తిమీర, పుదీనాల్లో ఏదో ఒకటి. ఆకులు సన్నగా తరిగి సగం ముందు, సగం వడ్డించేటప్పుడు వేయండి. పులుపులో రాత్రంతా నానితే రంగు మాడిపోతుంది. పది రకాలు వేసి దుంపని వెతుక్కునేలా చేసే సలాడ్‌లు చూస్తుంటాం. మూడు దాటకపోతే మంచిది.

దీన్నే పూర్తి భోజనంగా తినాలంటే?

ఉడికించిన కాబూలీ శనగలు, రాజ్మా, పచ్చి బఠాణీ, లేదా వేయించిన టోఫు కలపండి. ఉడికిన శనగల్లో 100 గ్రాములకి సుమారు 8, 9 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వీటిని కూడా పులుపులో కాసేపు ఉంచి కలిపితే వేరుగా తగలవు.

## దాచేటప్పుడు, తీసుకెళ్లేటప్పుడు

ముందు రోజు రాత్రే చేసి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, చాలామటుకు రుచి పెరుగుతుంది కూడా. మయోనైజ్‌లో మూడో వంతు విడిగా ఉంచి, పొద్దున కలపండి. రాత్రంతా దుంపలు పీల్చుకుంటూనే ఉంటాయి కదా.

గుడ్డు లేదు, పాలు లేవు. ఎండలో ఎంతసేపు ఉంచినా ఫర్వాలేదు కదా?

ఫర్వా ఉంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పొటాటో సలాడ్ పాడైతే అందరూ మయోనైజ్‌ని అంటారు, కానీ పుల్లగా ఉండే మయోనైజ్‌లో సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగవు. వాటికి నచ్చేది ఉడికిన దుంపే. తేమ ఉంది, పిండి ఉంది, పులుపు లేదు. బాసిల్లస్ సీరియస్ లాంటి బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చదనం దొరకగానే మేల్కొంటాయి. తరిగిన చేతుల నుంచీ, కత్తి నుంచీ చేరేవి వేరే. గుడ్డు తీసేసినంత మాత్రాన ఇవేవీ పోవు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క తేలిగ్గా గుర్తుంటుంది: బయట 2 గంటలు, ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటితే 1 గంటే. ఆ తర్వాత మిగిలింది పారేయాలి. వాసన బాగానే ఉందని తినడం ప్రమాదం, ఎందుకంటే విషం చేరినా వాసన మారకపోవచ్చు. 2015లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, లాంకాస్టర్‌లో ఒక చర్చి భోజనంలో పొటాటో సలాడ్ తిన్న 29 మందికి బొటులిజం (బాక్టీరియా విషంతో నరాలు చచ్చుబడే ప్రాణాంతక జబ్బు) వచ్చింది, ఒకరు చనిపోయారు. ఇంట్లో ప్రెషర్ లేకుండా, మామూలు మరిగే నీళ్లలో డబ్బాకెత్తి నిలవ చేసిన దుంపలు వాడటమే దానికి కారణమని తేలింది. అలా నిలవ చేసిన దుంపల జోలికి వెళ్లకండి. రేకు చుట్టి కాల్చిన దుంపల్ని కూడా అదే రేకులో బయట వదిలేయకూడదు.

పిక్నిక్‌కి ఎలా తీసుకెళ్లాలి?

రాత్రంతా ఫ్రిజ్‌లో చల్లబడిన సలాడ్‌నే తీసుకెళ్లండి, అప్పుడే కలిపిన గోరువెచ్చటిది కాదు. ఐస్ బాక్స్‌లో ఐస్ ప్యాక్‌ల మధ్య లోతు తక్కువ డబ్బాలో పెట్టి, కారు డిక్కీలో కాకుండా మనుషులు కూర్చునే వైపు ఉంచండి. అక్కడికి వెళ్లాక పెద్ద గిన్నెలో ఐస్ పోసి, దాని మీద సలాడ్ గిన్నె పెట్టి, కొంచెం కొంచెం వడ్డించండి. మిగతాది బాక్స్‌లోనే ఉండాలి. మంచి ఏర్పాటు కుదరదనుకుంటే నూనె, వెనిగర్ రకమే చేయండి. అది మయోనైజ్‌లా విరిగిపోదు. గంటల లెక్క మాత్రం దానికీ వర్తిస్తుంది.

ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుంటుంది? ఫ్రీజర్‌లో?

మూత పెట్టి ఫ్రిజ్‌లో 3, 4 రోజులు. ఫ్రీజర్‌లో వద్దే వద్దు. కరిగాక దుంప స్పంజిలా అయి నీళ్లు కక్కుతుంది, మయోనైజ్ విరుగుతుంది.

పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి డ్రెస్సింగ్ నిలవ ఉంచుతున్నాను. మంచిదేనా?

గది వేడిలో ఉంచడం మంచిది కాదు. గాలి తగలని నూనెలో వెల్లుల్లి ఉంటే బొటులిజం బాక్టీరియాకి చోటిచ్చినట్టే. ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లోపు వాడేయండి, లేదా ఏ రోజుకారోజు దంచుకోండి.

చల్లార్చిన దుంపలు తింటే బరువు పెరగరట కదా?

అంత దూరం వెళ్లకండి. ఉడికిన దుంప చల్లారాక అందులోని పిండిలో కొంత భాగం అరగని పిండిగా మారడం నిజమే. పేగుల్లోకి పీచు పదార్థంలా వెళ్తుంది. కానీ అది కొంత భాగమే. ఉడికిన దుంప 100 గ్రాములకి సుమారు 87 కేలరీలు, ఒక్క టేబుల్ స్పూన్ నూనెకి సుమారు 120. లెక్క చూసుకోవాల్సింది దుంప దగ్గర కాదు, మయోనైజ్ దగ్గర.

## రుచి తేడా కొట్టినప్పుడు

రాత్రి అదిరిపోయింది, పొద్దున ఫ్రిజ్‌లోంచి తీస్తే చప్పగా ఉంది. ఎందుకు?

చల్లటివాటి రుచి నాలుకకి తక్కువగా తెలుస్తుంది. పైగా ఉప్పూ పులుపూ రాత్రంతా దుంప లోపలికి వెళ్లిపోయాయి. తిన్నాక కాదు, వడ్డించే ముందే రుచి చూసి, కొంచెం ఉప్పు, అర నిమ్మకాయ, మిరియాల పొడి వేయండి. వడ్డించడానికి 15 నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీసినా తేడా తెలుస్తుంది.

ఎండిపోయి గట్టిగా ముద్ద కట్టింది.

మయోనైజ్ గుమ్మరించకండి, ఇంకా బరువెక్కుతుంది. 2, 3 టేబుల్ స్పూన్ల వేడి నీళ్లు గానీ గెర్కిన్స్ ఊరిన నీళ్లు గానీ చల్లి, అడుగు నుంచి పైకి తిప్పండి. వదులవుతుంది.

జిగురు జిగురుగా, బంకలా తయారైంది. ఏమైనా చేయగలమా?

ఎక్కువ ఉడికిన దుంపని గరిటెతో మరీ ఎక్కువ కలిపితే కణాలు పగిలి పిండి బయటికొచ్చి బంక అవుతుంది. దాన్ని వెనక్కి తీసుకురాలేం. ఇక సలాడ్ అనుకోకుండా, కరకరలాడేవి ఇంకొన్ని వేసి రొట్టె మధ్య పెట్టుకుని తినేయండి. చాలా బాగుంటుంది. ఈసారి చెక్క గరిటెకి బదులు వెడల్పాటి రబ్బరు గరిటెతో, మడతపెట్టినట్టు కలపండి.

పులుపు ఎక్కువైంది.

అర చెంచా పంచదార, ఒక టేబుల్ స్పూన్ నూనె. కాసేపాగి మళ్లీ రుచి చూడండి. దుంప ఇంకొంచెం పీల్చుకుని దానంతటదే సర్దుకుంటుంది కూడా.

ఉప్పు ఎక్కువైతే?

రెండు దుంపలు ఉప్పు లేకుండా ఉడికించి కలపండి. ఉడికించేంత టైం లేకపోతే పిండేసిన కీరా గానీ, ఉప్పు వేయని శనగలు గానీ కలిపినా సరిపోతుంది.